చేపల వలకు కృత్రిమ నూలు: ఎంపిక, పరీక్ష, సంరక్షణ

మంచి విత్తనము లేనిదే మంచి పైరు లేదని రైతు సోదరులందరికిని తెలియును. చేపలు పట్టు కుటుంబమునకు వల నూలు విత్తనము వంటిదే. చెరువులో చేపపిల్లలను వదలి, నెలల తరబడి కాపాడి పెంచినను, పట్టుబడికి దిగిన దినమున వల సరియైనది కాకున్నచో ఆ శ్రమ ఫలితము చేతికి అందదు. పైగా వల సాధారణముగా అప్పుచేసి కొను వస్తువు. నూలు ఎంపికలో ఒకసారి తప్పు జరిగినచో, ఆ వల చిరుగువరకు ఆ తప్పునకు మూల్యము చెల్లించుచునే ఉండవలెను.

నేడు అంగళ్లలో దొరకు వల నూలు దాదాపు అంతయు కృత్రిమ నూలే. దానినంతటిని "నైలాను" అని పిలుచుట వాడుకయైనది. కాని ఆ పేరుతో అమ్ముడగు నూలులో నాలుగు వేర్వేరు జాతులు కలవు. వాటిలో కొన్ని నీట మునుగును, కొన్ని తేలును. కొన్ని ఎండకు ఓర్చును, కొన్ని ఓర్చవు. ఏ వలకు ఏ జాతి తగునో, దానిని ఇంటివద్దనే ఎట్లు గుర్తింపవచ్చునో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఒక చెరువు వద్ద జరిగిన సంగతి

నేను పనిచేయు మండలములో ఒక పెద్ద చెరువు కలదు. అక్కడి మత్స్య సహకార సంఘ సభ్యుడొకరు పాత నైలాను వల చిరిగిపోగా, అప్పుచేసి కొత్త వల కొనినారు. అది నీటిలో గోడవలె నిలిపి ఉంచగా చేపలు మొప్పల వద్ద చిక్కుకొను వల. దీనినే గిల్‌నెట్ అందురు. పాత వలకున్న బెండ్లను, సీసపు గుండ్లను విప్పి కొత్తదానికి కట్టినారు. పది దినములు గడచినను అడుగున తిరుగు ఎర్రమోసు చేప ఒక్కటియు పడలేదు.

నేను పంటలు చూచుటకు వెళ్లినప్పుడు ఆయన వలను గట్టుపై పరచి కూర్చొని యుండిరి. "అయ్యా, లాగి చూస్తే తెగడం లేదు. బలమైన నూలే. అయినా మోసు పడడం లేదు. పక్కవాళ్ల వలల్లో పడుతున్నాయి. మా చేయి మంచిది కాదో, ఈ వల మంచిది కాదో తెలియడం లేదు" అని వాపోయిరి.

నేను వ్యవసాయ శాస్త్రము చదివినవాడనేగాని వలలు అల్లినవాడను కాను. "పెద్దయ్యా, ఒక బెత్తెడు నూలు కోయనిస్తారా?" అని అడిగి, ఆ ముక్కను చెంబుడు నీళ్లలో ముంచి, గాలి పోవునట్లు నలిపి వదలితిని. అది వెంటనే పైకి తేలినది. వల బాగుచేయుటలో అనుభవముగల ఆయన భార్య అది చూచి, "నేను ఆనాడే చెప్పాను, ఈ నూలు చేతికి మైనంలా జారుతోందని. నా మాట ఎవరు విన్నారు?" అనెను.

ఆమె చేతివేళ్లు చెప్పినదే నిజము. అది నైలాను కాదు, పాలిథీను నూలు. అది చెడ్డ నూలు కాదు, కాని ఆ పనికి తగిన నూలు కాదు. 3 కిలోల నైలాను వల నీటిలో సుమారు 370 గ్రాముల బరువుతో క్రిందికి లాగును. 3 కిలోల పాలిథీను వల సుమారు 160 గ్రాముల బలముతో పైకి లేచును. అనగా రెండింటికిని అరకిలోకు పైగా తేడా కలదు. అసలే గుండ్లు పలుచగా కట్టిన వల కావున అంచు నేలను అంటక లేచినది. మోసు చేపలు దాని క్రిందుగా పోయినవి. సుమారు 600 గ్రాముల సీసము అదనముగా కట్టి, కొన్ని బెండ్లను తీసివేసిన పిదప వల సరిగా నిలిచినది. కాని నూలు లావుగను బిరుసుగను ఉండుటచే చేపలు మునుపటివలె చిక్కలేదు. ఆ సంవత్సరపు పట్టుబడిలో మంచికాలము అట్లే గడచిపోయినది. అప్పు మాత్రము నిలిచియున్నది.

పాత నూలు, కొత్త నూలు

మన పెద్దలు ప్రత్తినూలుతోను, జనపనారతోను వలలు అల్లెడివారు. ఇవి రెండును మన పొలములలో పండినవే. కాని కంపోస్టు గుంటలో గడ్డి ఎట్లు కుళ్లునో, నీటిలో ప్రత్తినూలు అట్లే కుళ్లును. రెండింటిలోను ఉన్న సెల్యులోజు అను పదార్థమును సూక్ష్మజీవులు తినివేయుటయే దీనికి కారణము. అందుచే వలలను తుమ్మచెక్క, కాచు వంటి వగరు పదార్థముల కషాయములో మాటిమాటికి ఉడికించి, ఎండబెట్టుకొనవలసి వచ్చెడిది.

1935లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో వాలేస్ కరోథర్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నైలానును తయారుచేసెను. 1941లో ఇంగ్లండునందు విన్‌ఫీల్డ్, డిక్సన్ అనువారు పాలిఎస్టరు నూలును కనిపెట్టిరి. 1953లో జర్మనీ దేశస్థుడు కార్ల్ జీగ్లర్ తక్కువ పీడనముతో గట్టి పాలిథీనును తయారుచేయు మార్గమును చూపెను. 1954లో ఇటలీ దేశస్థుడు జూలియో నట్టా పాలిప్రొపిలీనును సాధించెను. వీరిరువురికిని 1963లో నోబెల్ బహుమతి లభించినది. మన దేశమున 1957లో కొచ్చిన్ నగరములో కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ ఏర్పడినది. వల నూలును గూర్చిన పరిశోధనలు ఆ సంస్థ కృషిలో ముఖ్యమైనవి. విశాఖపట్టణమున ఆ సంస్థకు ఒక పరిశోధన కేంద్రము కలదు.

ఈ కొత్త నూలు జాతులన్నింటికిని ఒక సమాన గుణము కలదు. సూక్ష్మజీవులు వీటిని తినలేవు కావున ఇవి నీటిలో కుళ్లవు. ఇక మిగిలిన గుణములలో ఒకదానికొకటి పోలిక లేదు.

నాలుగు జాతులు, వాటి గుణములు

నీటి బరువును 1 అనుకొనినచో, అంతే పరిమాణముగల ప్రత్తినూలు బరువు సుమారు 1.54 ఉండును. కృత్రిమ నూలు జాతుల బరువులు, అవి కరగు వేడిమి ఈ దిగువ ఇవ్వబడినవి.

నైలాను: బరువు 1.14, నీట మునుగును, సుమారు 215 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. (వల నూలుకు ఎక్కువగా వాడు నైలాను 6 రకమునకు ఈ అంకె వర్తించును.)
పాలిఎస్టరు: బరువు 1.38, త్వరగా మునుగును, సుమారు 255 డిగ్రీల వద్ద కరగును.
పాలిథీను: బరువు 0.95, తేలును, సుమారు 130 డిగ్రీల వద్ద కరగును.
పాలిప్రొపిలీను: బరువు 0.91, బాగుగా తేలును, సుమారు 165 డిగ్రీల వద్ద కరగును.

నైలాను: మెత్తగా ఉండును, సన్నని నూలులోనే మంచి బలము కలిగియుండును. లాగినప్పుడు సాగి, వదలినప్పుడు తిరిగి మునుపటి పొడవునకు వచ్చును. కావున పెద్ద చేప గింజుకొనినను తెగక ఓర్చుకొనును. అయితే తడిసినప్పుడు దీని బలము నూటికి 10 నుండి 15 వంతులు తగ్గును. ఎండకు త్వరగా బలహీనపడును.

పాలిఎస్టరు: ఎక్కువగా సాగదు. తడిసినను బలము తగ్గదు. ఎండకు బాగుగా ఓర్చును. నైలానుకంటె బరువైనది కావున వేగముగా మునుగును.

పాలిథీను: నీటిని పీల్చదు. తడిసినను బరువెక్కదు, బలము తగ్గదు. రాపిడికి ఓర్చును. కాని బిరుసైనది. నునుపుగా నుండుటచే ముడి జారు స్వభావము కలది. అంతే బలమునకు నైలానుకంటె లావు నూలు కావలసివచ్చును.

పాలిప్రొపిలీను: అన్నింటికంటె తేలికైనది, బలమైనది. కాని ఎండను తట్టుకొను మందు కలుపని రకము వెలుతురులో త్వరగా పెళుసగును.

బరువులోని తేడా ఎంత ముఖ్యమో చెప్పుటకు ఒక ఉదాహరణము చాలును. చల్లని కొండవాగులలో ట్రౌట్ చేపను పట్టువారు గాలమునకు నూలు చుట్టి కృత్రిమ ఈగను తయారుచేయుదురు. ఈగ నీటిపై తేలవలెనన్నచో దాని ఒంటికి పాలిప్రొపిలీను చుట్టుదురు. అంగుళమైనను లేని ఈగకే నూలు జాతిని ఎంచుకొనుచుండగా, వందల మీటర్ల వలకు ఎంచుకొనకుండుట తగునా?

ఏ వలకు ఏ నూలు?

చెరువులో బొచ్చె చేప పైనీటిలో, శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు అడుగున ఎక్కువగా తిరుగును. వల ఏ నీటిలో నిలువవలెనో ముందు నిర్ణయించుకొని, తరువాత నూలును ఎంచుకొనవలెను.

గిల్‌నెట్: దీనికి నైలానే తగినది. చేపకు కనబడనంత సన్నగా, తాకినప్పుడు తెలియనంత మెత్తగా, చిక్కిన చేపను విడువనంత బలముగా ఉండుట ఈ వల నూలునకు కావలసిన మూడు గుణములు. జలాశయములలో మునిగిన చెట్ల మొదళ్లుండుటచే లాగు వలలు సాగవు. అక్కడివారికి గిల్‌నెట్టే ముఖ్యమైన ఆధారము. దీనిలో రెండు రకములు కలవు. పలుపోగుల నైలాను మెత్తగా ఉండును, ముడి నిలుచును, చిరిగినచో బాగుచేయుట సులభము. ఒంటిపోగు నైలాను గాజు తీగవలె కనిపించును. తేట నీటిలో ఇది చేపలకు సులభముగా కనబడదు. కాని ముడి జారును, ఎండలో పెళుసగును, బాగుచేయుట కష్టము. కావున బురద నీటి చెరువులలో పలుపోగుల నూలే లాభము.

విసురు వల: ఇది గుండ్రముగా పరచుకొని వెంటనే మునుగవలెను. చేప తప్పించుకొను లోపల అంచు నేలను తాకవలెను. నైలాను దీనికి మంచిది. తేలు నూలు పనికిరాదు.

లాగుడు వల: చెరువునంతటిని చుట్టి లాగు వలకు నైలానుగాని, పాలిథీనుగాని వాడవచ్చును. పాలిథీను నీరు పీల్చదు కావున లాగువారికి బరువు తక్కువ. రాపిడికి ఆగును. అడుగు అంచునకు మాత్రము గుండ్లు దండిగా కట్టవలెను.

హాపాలు, పంజరములు: చేపపిల్లలను పెంచు హాపాలకును, జలాశయములలోని పంజరములకును పాలిథీను అల్లిక తగినది. ఇవి నెలల తరబడి నీటిలోనే ఉండవలెను కదా.

తాళ్లు: పై అంచు త్రాటికి పాలిథీనుగాని పాలిప్రొపిలీనుగాని వాడినచో త్రాడే కొంత బెండుగా పనిచేయును.

గాలపు దారము: ఒంటిపోగు నైలాను దీనికి చాలును.

అంగడిలోని అంకెలు

నూలు చిట్టముపై 210/2/3 వంటి అంకెలుండును. 9,000 మీటర్ల పొడవుగల పోగు 210 గ్రాములు తూగినచో దానిని 210 డెనియరు పోగు అందురు. అట్టి పోగులు 2 కలిపి ఒక పేట చేసి, అట్టి పేటలు 3 కలిపి పురి పెట్టినది 210/2/3 నూలు. అనగా మొత్తము 6 పోగులు, 1,260 డెనియరు. ఇట్టి నూలు కిలోకు సుమారు 7,100 మీటర్లు రావలెను. 210/1/2 నూలులో 2 పోగులే ఉండును కావున కిలోకు సుమారు 21,400 మీటర్లు రావలెను. పురి పెట్టుటవలన పొడవు కొంత తగ్గును.

ఈ లెక్క తెలిసినవారికి రెండు లాభములు కలవు. కిలో నూలుతో ఎంత వల వచ్చునో ముందే అంచనా వేయవచ్చును. రెండవది, లావు నూలు కొనిన కొలది వల విస్తీర్ణము తగ్గునని గ్రహింపవచ్చును. "లావుగా ఉంటే గట్టిగా ఉంటుంది" అను మాట నిజమే. కాని గిల్‌నెట్ విషయములో లావు నూలును చేప కనిపెట్టి తప్పించుకొనును. పడవలసిన చేపకు తగిన బలముండి, అంతకుమించి లావు లేకుండుట మంచిది.

కొనుటకు ముందు చేయవలసిన పరీక్షలు

వల మొత్తము కొనుటకు ముందు ఒక జానెడు నూలు అడిగి తీసికొని, ఈ దిగువ పరీక్షలు చేయవలెను. ఖర్చు ఏమియు లేదు.

1. నీటి పరీక్ష: అరంగుళము ముక్కను కోసి, చెంబునీటిలో ముంచి, వ్రేళ్లతో బాగుగా నలిపి గాలి బుడగలను పోగొట్టవలెను. ఆపై వదలవలెను. తేలినచో పాలిథీను లేక పాలిప్రొపిలీను. మునిగినచో నైలాను, పాలిఎస్టరు లేక ప్రత్తి. గాలి బుడగలున్నచో నైలాను కూడ తేలును. కావున నలుపుట మరువరాదు.

2. నిప్పు పరీక్ష: ఇనుప పట్టుకారతో ముక్కను పట్టుకొని, దీపపు మంటకు మెల్లగా చేర్చవలెను. నైలాను ముడుచుకొని కరగి బొట్లుగా రాలును, పొగ తెల్లగా ఉండును, చల్లారిన పిదప గట్టి పూసవలె మిగులును. పాలిఎస్టరు మసితో కూడిన నల్లని పొగనిచ్చును. పాలిథీను ఆరిన కొవ్వొత్తి వాసననిచ్చును. ప్రత్తి కాగితమువలె కాలి బూడిదయగును. కరగిన బొట్టు చేతికి అంటినచో తీవ్రముగా కాల్చును. కావున పిల్లలను దూరముగా ఉంచి, గడ్డివాములకు, పాకలకు దూరముగా ఈ పరీక్ష చేయవలెను.

3. సాగు పరీక్ష: మూరెడు నూలును రెండు చేతులతో లాగి వదలవలెను. నైలాను చక్కగా సాగి తిరిగి ముడుచుకొనును. పాలిఎస్టరు అంతగా సాగదు.

నూలుకు పూసిన రంగు, జిగురు వాసనను మార్చవచ్చును. అందుచే ఒక పరీక్షతో తృప్తిపడక మూడును కలిపి చూడవలెను.

సంరక్షణ

కృత్రిమ నూలు కుళ్లదన్న మాట విని కొందరు వలను గట్టుపై ఎండలో పడవేసి పోవుదురు. ఇది పెద్ద పొరపాటు. ప్రత్తి వలకు తడి శత్రువు, నైలాను వలకు ఎండ శత్రువు. మంచినీటితో జాడించి, నీడలో గాలికి ఆరవేసి, ఎలుకలు చేరని చోట వ్రేలాడదీయవలెను.

పాత అలవాటు చొప్పున కొత్త వలను కషాయములో ఉడికించువారు ఇంకను అక్కడక్కడ కనిపించుచున్నారు. కృత్రిమ నూలునకు కషాయముతో పనిలేదు. మరుగు నీటిలో నైలాను, పాలిథీను రెండును ముడుచుకొని, కన్నుల కొలత చెడును.

వలను ఎరువుల బస్తాలతోను, పురుగుమందులతోను కలిపి ఒకేచోట ఉంచరాదు. బ్యాటరీలోని ఆమ్లము, బ్లీచింగు పొడి నైలానును బలహీనపరచును. ఒక చెరువులో వాడిన వలను కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే మరియొక చెరువునకు తీసికొనిపోవలెను. లేనిచో చేపల రోగములు వలతోపాటు ప్రయాణము చేయును.

కుళ్లని నూలు, మన బాధ్యత

కుళ్లకపోవుట ఈ నూలు యొక్క గొప్ప గుణము. అదియే దాని గొప్ప దోషము. ప్రత్తి వల నీటిలో తప్పిపోయినచో కొంతకాలమునకు చివికి మట్టిలో కలిసెడిది. నైలాను వల తప్పిపోయినచో ఏండ్ల తరబడి నీటిలోనే ఉండి చేపలను, తాబేళ్లను, నీటిపక్షులను చంపుచునే ఉండును. ఆ చేపలు ఎవరికిని దక్కవు. రేపు మన వలలో పడవలసిన చేపను నిన్న పోగొట్టుకొనిన వల తినివేయుచున్నదన్నమాట.

కావున వల వేసిన చోట గుర్తు బెండు తప్పక కట్టవలెను. కొమ్మలకు తగులుకొనిన వలను కోసి వదలివేయక, వీలైనంతవరకు వెలికి తీయవలెను. చిరిగిన ముక్కలను నీటిలో పడవేయరాదు, కాల్చరాదు. పాదులకు పందిరిగను, నారుమడికి కోళ్లు రాకుండ కంచెగను పాత వల చక్కగా ఉపయోగపడును. సంఘ సభ్యులందరును కలిసి ఎండకాలమున నీరు తగ్గినప్పుడు చెరువులో పాత వలలను ఏరివేయుట మంచి ఆచారము.

తుదిమాట

వల కొనబోవు సోదరులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. నా వల ఏ నీటిలో నిలువవలెను? ఆ పనికి మునుగు నూలు కావలెనా, తేలు నూలు కావలెనా? నా చేతిలోనిది నిజముగా ఆ నూలేనా? మూడవ ప్రశ్నకు చెంబుడు నీళ్లు, ఒక దీపము సమాధానము చెప్పును. ఇంటిలో వల బాగుచేయు స్త్రీలుండినచో, కొనుటకు ముందు నూలును వారి చేతికిచ్చి వారి అభిప్రాయము అడుగవలెను. కన్నుల కొలత విషయములోను, స్థానిక నిబంధనల విషయములోను సమీపమునగల మత్స్యశాఖ అధికారిని సంప్రదించి, తగిన సలహా పొందవలెను.